రైల్స్‌లో వ్యూలు, లేఅవుట్లు, పార్షియల్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

రూబీ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ రూబీ ఆన్ రైల్స్. ఇక్కడి సమాధానాలు దాని 7.1 నుంచి 8 వరకు వెర్షన్లకు వర్తిస్తాయి. పాత వెర్షన్లలో తేడా ఉన్నచోట ఆ మాట చెప్పాం. కోడ్ పదాలను ఇక్కడ పలికే తీరులోనే రాశాం, ఫైల్లో మాత్రం మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. ఉదాహరణలన్నిటికీ సరుకులమ్మే చిన్న సైటు ఒకటి అనుకుందాం: ప్రొడక్ట్స్ కంట్రోలర్ (రిక్వెస్టు అందుకుని పేజీకి కావలసినవి సిద్ధం చేసే కోడ్), దానికి ఇండెక్స్, షో, ఎడిట్ పేజీలు.

లేఅవుట్, వ్యూ, పార్షియల్: ఏది ఏ పని చేస్తుంది?

పేజీలన్నిటికీ ఉమ్మడిగా ఉండే చట్రం లేఅవుట్. హెడ్ భాగం, సీఎస్ఎస్ లింకులు, పై మెనూ, అడుగున ఫుటర్ అందులో ఉంటాయి. వ్యూ అంటే ఆ ఒక్క పేజీకి చెందిన విషయం, అంటే కంటెంట్. పార్షియల్ అంటే పది చోట్ల వాడుకునే చిన్న ముక్క, ఫారం లాంటిదో, జాబితాలో ఒక వరుస లాంటిదో. పార్షియల్ ఫైలు పేరు అండర్‌స్కోర్‌తో మొదలవ్వాలి: `_ఫారం`. పిలిచేటప్పుడు అండర్‌స్కోర్ రాయకూడదు: `<%= రెండర్ "ఫారం" %>`. పిలిచేచోట కూడా అండర్‌స్కోర్ పెడితే రైల్స్ రెండు అండర్‌స్కోర్లున్న ఫైలు కోసం వెతికి, దొరకలేదని ఎర్రర్ ఇస్తుంది.

పేజీ తయారయ్యేటప్పుడు ముందు లేఅవుట్ నడుస్తుందా, వ్యూ నడుస్తుందా?

ముందు వ్యూ. ఈ ఒక్క విషయం గుర్తుంటే ఈ పేజీలో సగం ప్రశ్నలకు జవాబు మీకే తడుతుంది.

వరుస ఇలా ఉంటుంది. కంట్రోలర్ యాక్షన్, అంటే కంట్రోలర్లో ఆ పేజీకి చెందిన మెథడ్, పూర్తవుతుంది. అందులోని ఇన్‌స్టన్స్ వేరియబుల్స్, అంటే @ గుర్తుతో మొదలయ్యేవి, వ్యూకు అందుతాయి. వ్యూ మొత్తం నడిచి ఒక పొడవాటి స్ట్రింగ్‌గా మారుతుంది. ఆ తర్వాతే లేఅవుట్ మొదలవుతుంది. లేఅవుట్‌లో `<%= యీల్డ్ %>` ఉన్నచోట ఆ స్ట్రింగ్ వచ్చి కూర్చుంటుంది.

బ్రౌజర్లో చూస్తే హెడ్ పైన, కంటెంట్ కింద కనిపిస్తాయి కాబట్టి లేఅవుటే ముందు నడిచిందని చాలామంది అనుకుంటారు. నడిచే క్రమం అందుకు తిరగబడి ఉంటుంది. కిందనున్న వ్యూ పైనున్న టైటిల్‌ను మార్చగలగడానికి కారణం ఇదే. లేఅవుట్‌లో పెట్టిన వేరియబుల్ వ్యూలో ఖాళీగా కనబడటానికి కారణమూ ఇదే. వ్యూకు కావలసినదేదైనా కంట్రోలర్లోనే సిద్ధం కావాలి.

ఒక మినహాయింపు ఉంది. `స్ట్రీమ్: ట్రూ` అని రెండర్ చేస్తే బ్రౌజర్‌కు హెడ్ త్వరగా పంపడం కోసం లేఅవుట్ ముందు నడుస్తుంది. అప్పుడు `కంటెంట్_ఫర్` బదులు `ప్రొవైడ్` వాడాలి. మామూలు సైట్లలో దీని అవసరం చాలా అరుదు.

ఏ లేఅవుట్ వాడాలో రైల్స్ ఎలా నిర్ణయిస్తుంది?

మీరేమీ చెప్పకపోతే కంట్రోలర్ పేరుతో వెతుకుతుంది. ప్రొడక్ట్స్ కంట్రోలర్‌కు లేఅవుట్స్ ఫోల్డర్లో `ప్రొడక్ట్స్` అన్న ఫైలు ఉంటే అదే. లేకపోతే తల్లి క్లాస్ పేరుతో చూస్తుంది, చివరికి `అప్లికేషన్` దగ్గర ఆగుతుంది.

మీరు చెప్పదలిస్తే కంట్రోలర్లో `లేఅవుట్ "అడ్మిన్"` అని రాయండి. ఆ కంట్రోలర్ నుంచి వారసత్వం పొందిన క్లాసులన్నిటికీ అది వర్తిస్తుంది. `ఓన్లీ:`, `ఎక్సెప్ట్:` జతచేసి కొన్ని యాక్షన్లకే పరిమితం చేయొచ్చు. ఒక్క యాక్షన్‌కే కావాలంటే `రెండర్ లేఅవుట్: "ప్రింట్"` చాలు. అసలు వద్దనుకుంటే `లేఅవుట్: ఫాల్స్`. బిల్లు ప్రింటు పేజీకి, అడ్మిన్ ప్యానెల్‌కు వేరే లేఅవుట్ పెట్టడం సబబే. ప్రతి కంట్రోలర్‌కూ ఒకటి పెడుతూ పోతే మాత్రం మెనూలో ఒక లింకు మార్చడానికి ఏడు ఫైళ్లు తెరవాల్సి వస్తుంది.

పేజీ వస్తోంది గానీ సీఎస్ఎస్ లేదు, మెనూ లేదు. ఎర్రర్ కూడా లేదు. ఏమైంది?

లేఅవుట్ దొరకలేదు. పేరు చెప్పి అడిగిన లేఅవుట్ లేకపోతే రైల్స్ ఎర్రర్ ఇస్తుంది. తనంతట తాను వెతికింది దొరకకపోతే మాత్రం నోరు మెదపదు, వ్యూను ఉన్నదున్నట్టు పంపేస్తుంది. ముందు `అప్లికేషన్` ఫైలు పేరులో అక్షరదోషం ఉందేమో చూడండి. తర్వాత ఎక్స్‌టెన్షన్‌లో హెచ్‌టీఎంఎల్, ఈఆర్‌బీ (హెచ్‌టీఎంఎల్ మధ్యలో రూబీ రాసే పద్ధతి) రెండూ ఆ వరుసలోనే ఉన్నాయా చూడండి. మూడోది, కంట్రోలర్లో `రెండర్ పార్షియల్:`, `రెండర్ ప్లెయిన్:`, `రెండర్ హెచ్‌టీఎంఎల్:` వాడారేమో. వీటికి లేఅవుట్ దానంతటదే తగలదు.

దీనికి తిరగబడిన చిక్కు కూడా ఉంది: చట్రం అంతా కనబడి మధ్యలో ఖాళీగా ఉంటుంది. లేఅవుట్‌లో `యీల్డ్` రాయడం మరిచిపోయినా, `<%=` బదులు `<%` అని రాసినా ఇలాగే అవుతుంది.

ఆ రెండు గుర్తులకు తేడా ఏమిటి?

`<%` లోపలి కోడ్ నడుస్తుంది, పేజీలో ఏమీ రాయదు. `<%=` నడిచి, వచ్చిన విలువను పేజీలో రాస్తుంది. తప్పులు రెండు వైపులా జరుగుతాయి. `<% రెండర్ "ఫారం" %>` అంటే ఫారం తయారవుతుంది, ఎవరికీ కనబడదు. `<%= @ప్రొడక్ట్స్.ఈచ్ డూ %>` అంటే జాబితా సరిగ్గానే వస్తుంది, కానీ దాని కింద చదరపు కుండలీకరణాల్లో ఆబ్జెక్టుల చెత్త అంతా అచ్చవుతుంది. `ఈచ్` తాను తిరిగిన జాబితానే తిరిగి ఇస్తుంది కదా, ఆ సమాన గుర్తు దాన్నీ రాసేస్తుంది. మరోవైపు `ఫారం_విత్` కూడా బ్లాకే అయినా దానికి సమాన గుర్తు తప్పనిసరి, ఎందుకంటే అది హెచ్‌టీఎంఎల్‌ను తిరిగి ఇస్తుంది.

వ్యాఖ్య రాయాలంటే `<%# ... %>` వాడండి. హెచ్‌టీఎంఎల్ వ్యాఖ్య `<!-- -->` లోపల ఈఆర్‌బీ పెడితే ఆ కోడ్ మామూలుగానే నడుస్తుంది, డేటాబేస్ క్వెరీ ఉంటే అదీ వెళ్తుంది, ఫలితం పేజీ సోర్సులో ఎవరైనా చదవగలిగేలా ఉంటుంది.

ఒక్కో పేజీకి వేరే టైటిల్, వేరే జావాస్క్రిప్ట్ ఎలా పెట్టాలి?

వ్యూలో: `<% కంటెంట్_ఫర్ :టైటిల్, @ప్రొడక్ట్.నేమ్ %>`
లేఅవుట్‌లో: `<%= కంటెంట్_ఫర్(:టైటిల్) || "మా అంగడి" %>`

వ్యూ ముందే నడిచింది కాబట్టి లేఅవుట్ మొదలయ్యేసరికి టైటిల్ సిద్ధంగా ఉంటుంది. స్క్రిప్టుల కోసమైతే లేఅవుట్ హెడ్‌లో `<%= యీల్డ్ :హెడ్ %>` అని ఒక ఖాళీ ఉంచి, కావలసిన వ్యూలో `కంటెంట్_ఫర్ :హెడ్ డూ` అని బ్లాకు రాయండి. ఎవరూ నింపకపోతే అక్కడ ఏమీ రాదు, ఎర్రరూ రాదు.

`యీల్డ్(:టైటిల్) || "మా అంగడి"` అని రాశాం. టైటిల్ ఖాళీగా వస్తోంది.

ఎవరూ నింపనప్పుడు `యీల్డ్(:టైటిల్)` నిల్ (రూబీలో విలువ లేదనే గుర్తు) ఇవ్వదు, ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది. రూబీలో ఖాళీ స్ట్రింగ్ కూడా నిజం కిందే లెక్క, అందుకే కుడివైపు మాట ఎప్పటికీ రాదు. `కంటెంట్_ఫర్(:టైటిల్)` అయితే ఖాళీని నిల్‌గా ఇస్తుంది. సైడ్‌బార్ లాంటివి చుట్టూ ఉండే డివ్‌తో సహా దాచాలంటే `<% ఇఫ్ కంటెంట్_ఫర్?(:సైడ్‌బార్) %>` వాడండి.

టైటిల్ రెండుసార్లు అతుక్కుని వస్తోంది.

ఒకే పేరుతో `కంటెంట్_ఫర్` రెండుసార్లు పిలిస్తే రెండోది మొదటిదాన్ని చెరపదు, దాని వెనక చేరుతుంది. వ్యూలో ఒకసారి, పార్షియల్‌లో మరోసారి పెట్టి ఉంటారు. `ఫ్లష్: ట్రూ` ఇస్తే పాతది పోయి కొత్తది మిగులుతుంది. అయితే టైటిల్ పార్షియల్‌లో పెట్టకపోవడమే మేలు.

పార్షియల్‌లో @ వేరియబుల్స్ నేరుగా వాడొచ్చా?

పనిచేస్తుంది. వాడకండి. `_ఫారం` లోపల `@ప్రొడక్ట్` అని రాస్తే, దాన్ని పిలిచే ప్రతి యాక్షన్‌లోనూ ఆ పేరుతోనే వేరియబుల్ ఉండి తీరాలి. మరో కంట్రోలర్ నుంచి పిలిచిన రోజు అది నిల్ అవుతుంది, ఎర్రర్ మాత్రం పార్షియల్ నడిమధ్య ఏదో వరుసలో బయటపడుతుంది. బదులుగా లోకల్‌గా, అంటే ఆ పార్షియల్‌కు మాత్రమే కనిపించే వేరియబుల్‌గా, పంపండి: `<%= రెండర్ "ఫారం", ప్రొడక్ట్: @ప్రొడక్ట్ %>`.

రైల్స్ 7.1 నుంచి పార్షియల్ మొదట్లోనే అది ఏమేం అడుగుతుందో ప్రకటించొచ్చు:

`<%# లోకల్స్: (ప్రొడక్ట్:, షో_ప్రైస్: ట్రూ) -%>`

ఇలా రాశాక ప్రొడక్ట్ ఇవ్వకుండా పిలిచినా, జాబితాలో లేని పేరు పంపినా వెంటనే ఎర్రర్ వస్తుంది. ధర చూపాలా వద్దా అన్నదానికి డిఫాల్ట్ విలువ అక్కడే ఉంటుంది. అంతకుముందు వెర్షన్లలో ఐచ్ఛిక లోకల్ కోసం `లోకల్_అసైన్స్[:షో_ప్రైస్]` వాడాలి. పేరు నేరుగా రాస్తే, పంపని రోజు అలాంటి వేరియబుల్ లేదని ఎర్రర్ వస్తుంది. రెండుకంటే ఎక్కువ చోట్ల వాడే ప్రతి పార్షియల్‌కూ ఈ ప్రకటన వరుస పెట్టడం మంచి అలవాటు.

జాబితాలో ఒక్కో వస్తువుకు పార్షియల్ వాడాలంటే లూప్ రాయాలా?

అక్కర్లేదు. `<%= రెండర్ @ప్రొడక్ట్స్ %>` అంటే చాలు, ప్రతి వస్తువుకూ `_ప్రొడక్ట్` పార్షియల్ నడుస్తుంది, లోపల `ప్రొడక్ట్` అన్న లోకల్ దొరుకుతుంది. వరుస సంఖ్య కావాలంటే `ప్రొడక్ట్_కౌంటర్` ఉంది, అది 0 నుంచి మొదలవుతుంది కాబట్టి చూపేటప్పుడు 1 కలపాలి. లూప్‌లో విడివిడిగా రెండర్ పిలవడం కంటే ఇది వేగం కూడా, టెంప్లేట్‌ను (ఆ వ్యూ లేదా పార్షియల్ ఫైలును) ఒక్కసారే వెతుకుతుంది. జాబితా ఖాళీ అయితే నిల్ వస్తుంది, కాబట్టి `<%= రెండర్(@ప్రొడక్ట్స్) || "సరుకులేవీ లేవు" %>` అని రాసుకోవచ్చు.

`రెండర్ :ఎడిట్` అన్నాం, కానీ ఎడిట్ యాక్షన్ నడవలేదు.

నడవదు. `రెండర్` టెంప్లేట్‌ను మాత్రమే నడుపుతుంది. అప్‌డేట్ యాక్షన్‌లో సేవ్ విఫలమై `రెండర్ :ఎడిట్` పిలిస్తే, ఎడిట్ యాక్షన్‌లో తెచ్చుకున్న `@కేటగిరీస్` ఇక్కడ ఉండదు. డ్రాప్‌డౌన్ దగ్గర నిల్ ఎర్రర్ వచ్చేది అందుకే. రెండు యాక్షన్లకూ కావలసిన వాటిని ఒక `బిఫోర్_యాక్షన్`లో తెచ్చుకోండి. రీడైరెక్ట్ చేస్తే ఎడిట్ యాక్షన్ నడుస్తుంది గానీ, అది కొత్త రిక్వెస్ట్ అయిపోయి వాడుకరి నింపినవన్నీ, తప్పుల సందేశాలూ పోతాయి.

ఇక్కడే మరో రెండు చిక్కులు. టర్బో (పేజీ మొత్తం తిరిగి లోడ్ చేయకుండా మార్చే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) ఉన్న సైట్లలో, అంటే రైల్స్ 7 నుంచి డిఫాల్ట్‌గా, తప్పులతో వెనక్కి వచ్చే ఫారానికి స్టేటస్ 422 (పంపిన వివరాల్లో తప్పుందని చెప్పే కోడ్) ఇవ్వాలి. 200తో, అంటే అంతా సరే అన్న కోడ్‌తో, పంపితే టర్బో ఆ పేజీని చూపదు, బటన్ నొక్కినా ఏమీ జరగనట్టుంటుంది. బ్రౌజర్ కన్సోల్లో మాత్రం ఫారం జవాబు రీడైరెక్ట్ అయి ఉండాలన్న ఎర్రర్ ఉంటుంది. రెండోది, `రీడైరెక్ట్_టు` తర్వాత కోడ్ ఆగదు. కింద మరో `రెండర్` తగిలితే డబుల్ రెండర్ ఎర్రర్ వస్తుంది. రీడైరెక్ట్ తర్వాత `రిటర్న్` రాయాలి.

ఫారం పంపితే లాగ్‌లో 204 అని ఉంది, పేజీ కదలలేదు.

యాక్షన్ పూర్తయింది, కానీ రెండర్ గానీ రీడైరెక్ట్ గానీ చెప్పలేదు, ఆ పేరుతో టెంప్లేటూ లేదు. బ్రౌజర్లో మామూలుగా తెరిచే గెట్ పేజీకైతే టెంప్లేట్ లేదని ఎర్రర్ వస్తుంది. పోస్ట్ వంటి వాటికి రైల్స్ ఖాళీ 204 పంపి ఊరుకుంటుంది.

లేఅవుట్‌లో లేఅవుట్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు. అడ్మిన్ భాగానికి పై మెనూ అదే ఉండి, ఎడమవైపు అదనంగా ఒక పట్టీ కావాలనుకుందాం. `అడ్మిన్` లేఅవుట్‌లో పట్టీనీ `యీల్డ్`నూ కలిపి `కంటెంట్_ఫర్ :బాడీ డూ` లోపల పెట్టండి. ఆ ఫైలు చివర `<%= రెండర్ టెంప్లేట్: "లేఅవుట్స్/అప్లికేషన్" %>` రాయండి. `అప్లికేషన్` లేఅవుట్‌లో ఇలా ఉండాలి:

`<%= కంటెంట్_ఫర్?(:బాడీ) ? యీల్డ్(:బాడీ) : యీల్డ్ %>`

రెండు అంతస్తుల వరకు ఇది బాగుంటుంది. మూడోది అవసరమనిపిస్తే, ఆ ముక్క లేఅవుట్ కాక పార్షియల్ అయి ఉండాలేమో ఆలోచించండి.

వాడుకరి రాసిన హెచ్‌టీఎంఎల్ పేజీలో ట్యాగులతో సహా అచ్చవుతోంది. ఎలా ఆపాలి?

ఆపే ముందు, అది మీ రక్షణ కోసమే ఉందని గుర్తించండి. రైల్స్ 3 నుంచి `<%=`తో రాసే ప్రతి స్ట్రింగ్‌లో కోణాకార గుర్తులను ఎస్కేప్ చేయడం, అంటే ట్యాగులుగా పనిచేయకుండా మామూలు అక్షరాలుగా చూపడం, డిఫాల్ట్. లేకపోతే ఎవరో రివ్యూలో స్క్రిప్ట్ ట్యాగ్ పెడితే, ఆ పేజీ తెరిచిన అందరి బ్రౌజర్లలోనూ అది నడుస్తుంది.

`హెచ్‌టీఎంఎల్_సేఫ్` అన్న మెథడ్ పేరు చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. అది దేన్నీ శుభ్రం చేయదు, "ఇది శుభ్రమైనదే, నా పూచీ" అని రైల్స్‌కు మాట ఇస్తుంది. `రా` కూడా అంతే. వాడుకరి రాసిన దానికి ఈ రెండూ వాడకండి. `శానిటైజ్` వాడి, బోల్డ్, పేరా, లింకు లాంటి అనుమతించే ట్యాగుల జాబితా ఇవ్వండి. కొత్త వరుసలు మాత్రమే చూపాలంటే `సింపుల్_ఫార్మాట్` సరిపోతుంది.

కాషింగ్ పెట్టాక కొన్ని పేజీల్లో టైటిల్ మాయమైంది.

కాషింగ్ అంటే ఒకసారి తయారైన హెచ్‌టీఎంఎల్‌ను దాచి మళ్లీ వాడటం. మీ `కాష్` బ్లాకు లోపల `కంటెంట్_ఫర్` ఉంది. మొదటిసారి బ్లాకు నడిచింది, టైటిల్ పడింది. రెండోసారి నుంచి కాష్‌లోని హెచ్‌టీఎంఎల్ నేరుగా వస్తుంది, బ్లాకు నడవదు, టైటిల్ పెట్టేవారే లేరు. `కంటెంట్_ఫర్`ను కాష్ బయటికి తీయండి.

ఇదే కోవలో మరింత ప్రమాదమైనది: కాష్ లోపల "అడ్మిన్ అయితే డిలీట్ బటన్ చూపు" అన్న షరతు. అడ్మిన్ ముందు తెరిస్తే ఆ బటన్ అందరికీ కనిపిస్తుంది. కాష్ తాళపుచెవిలో (కీ), అంటే దాచిన ముక్కను గుర్తుపట్టే పేరులో, రికార్డు గుర్తింపు, అది మారిన సమయం, టెంప్లేట్ డైజెస్ట్ (టెంప్లేట్ మారితే మారే గుర్తు) ఉంటాయి తప్ప చూసేదెవరో ఉండదు. భాష కూడా ఉండదు, కాబట్టి రెండు భాషల సైటులో తెలుగు ముక్క ఇంగ్లీషు పేజీలో తేలుతుంది. `కాష్ [ఐ18ఎన్.లొకేల్, ప్రొడక్ట్]` అని రాస్తే అది తీరుతుంది (ఐ18ఎన్ అంటే రైల్స్‌లో భాషలను చూసుకునే భాగం, లొకేల్ అంటే ఇప్పుడు వాడుతున్న భాష).

డెవలప్‌మెంట్‌లో కాషింగ్ మామూలుగా ఆపి ఉంటుంది. అందుకే ఈ తప్పులు ప్రొడక్షన్‌లోనే బయటపడతాయి. `బిన్/రైల్స్ డెవ్:కాష్` కమాండ్‌తో ముందే ఆన్ చేసి చూడండి.

వ్యూ వల్ల సైటు నెమ్మదిస్తుందా?

హెచ్‌టీఎంఎల్ అల్లడం వల్ల చాలా తక్కువ, టెంప్లేట్లు మొదటిసారే రూబీ మెథడ్లుగా కంపైల్ అయిపోతాయి. వ్యూలోంచి వెళ్లే క్వెరీల వల్ల మాత్రం తప్పకుండా. `_ప్రొడక్ట్` లోపల `ప్రొడక్ట్.కేటగిరీ.నేమ్` ఉందనుకోండి. 50 వస్తువుల జాబితాకు 1 క్వెరీ పోవలసిన చోట 51 పోతాయి. కంట్రోలర్లో `ఇంక్లూడ్స్(:కేటగిరీ)` రాస్తే 2తో సరి. లేఅవుట్‌లో రాసిన క్వెరీ ఇంకా ఖరీదు, ఎందుకంటే అది ప్రతి పేజీకీ నడుస్తుంది. మెనూలో కేటగిరీల జాబితా, బుట్టలో వస్తువుల లెక్క లాంటివి ముందు అక్కడ వెతకండి.

టర్బో ఫ్రేమ్‌కు లేఅవుట్ మొత్తం వస్తోంది.

ఫ్రేమ్ అంటే పేజీలో విడిగా మారే ఒక భాగం. దాని నుంచి వచ్చిన రిక్వెస్టుకు టర్బో తన చిన్న లేఅవుట్‌ను వాడుతుంది. మీ కంట్రోలర్లో `లేఅవుట్ "అడ్మిన్"` అని రాసిన మరుక్షణం అది పక్కకు పోతుంది. పేరుకు బదులు మెథడ్ ఇచ్చి, అందులో `టర్బో_ఫ్రేమ్_రిక్వెస్ట్?` నిజమైతే `"టర్బో_రైల్స్/ఫ్రేమ్"` తిరిగి ఇవ్వండి, లేకపోతే `"అడ్మిన్"`.

తెలుగు సైటుకు టెంప్లేట్లలో ప్రత్యేకంగా ఏం చూసుకోవాలి?

లేఅవుట్‌లోని హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌కు `లాంగ్` విలువగా తెలుగు కోడ్ టీఈ ఇవ్వండి. స్క్రీన్ రీడర్లు ఏ గొంతుతో చదవాలో దాన్ని బట్టే తెలుసుకుంటాయి. రెండు భాషలుంటే అక్కడ ఐ18ఎన్ లొకేల్‌ను రాయండి. లొకేల్‌ను నేరుగా మార్చి వదిలేస్తే అదే థ్రెడ్‌లో వచ్చే తర్వాతి రిక్వెస్టుకూ అది అంటుకుంటుంది, కాబట్టి `అరౌండ్_యాక్షన్`లో `విత్_లొకేల్` వాడండి.

మాటలను వ్యూలో నేరుగా రాయకుండా `టీ(".టైటిల్")` అని పిలవొచ్చు. చుక్కతో మొదలైతే ఆ టెంప్లేట్ దారి ముందు చేరుతుంది: ప్రొడక్ట్స్, ఇండెక్స్, టైటిల్. పార్షియల్ ఫైలు పేరు మార్చిన రోజు అనువాదాల ఫైల్లోనూ మార్చాలి, అది మరిచిపోవడం మామూలే.

`ట్రంకేట్` డిఫాల్ట్‌గా 30 అక్షరాల దగ్గర కోస్తుంది. అది లెక్కపెట్టేది యూనికోడ్ గుర్తులను. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు. అందుకే వత్తు ఊడిపోయి పొల్లు మిగిలిన మాటలు కనిపిస్తాయి. `సెపరేటర్: " "` ఇస్తే పదం చివర కోస్తుంది, నిడివి కూడా కాస్త పెంచుకోండి. ఇంగ్లీషుకు సరిపోయిన లైన్ హైట్ తెలుగు వత్తులకు చాలదు. ఎత్తు బిగించి ఓవర్‌ఫ్లో దాచిన కార్డుల్లో కింది వత్తులు తెగిపోతుంటే సీఎస్ఎస్‌లో ముందు అక్కడ చూడండి.

ఈమెయిళ్లకు అదే లేఅవుట్ వాడొచ్చా?

వద్దు. వాటికి `మెయిలర్` అన్న వేరే లేఅవుట్ ఉంటుంది, హెచ్‌టీఎంఎల్‌కు ఒకటి, మామూలు టెక్స్ట్‌కు ఒకటి. మెయిల్లో లింకులకు `_పాత్` బదులు `_యూఆర్ఎల్` వాడాలి, కాన్ఫిగరేషన్‌లో హోస్ట్ పేరు ఇవ్వాలి. లేకపోతే మెయిల్ తయారయ్యేటప్పుడే ఎర్రర్ వస్తుంది.

404 పేజీకి మా లేఅవుట్ రావట్లేదు.

అది పబ్లిక్ ఫోల్డర్లోని స్థిర ఫైలు, కావాలనే అలా ఉంచారు. యాప్ కూలిపోయినప్పుడు చూపే పేజీ ఆ యాప్ లేఅవుట్ మీదే ఆధారపడితే అదీ కూలుతుంది. `ఎక్సెప్షన్స్_యాప్`ను రూట్స్‌కు (ఏ చిరునామా ఏ కంట్రోలర్‌కు వెళ్లాలో చెప్పే జాబితా) మళ్లిస్తే 404కు లేఅవుట్ పెట్టుకోవచ్చు. 500ను (యాప్ కూలినప్పటి పేజీ) మాత్రం స్థిర ఫైలుగానే వదిలేయండి.

జాంగో, లారవెల్ తెలిసినవారికి ఇది ఎలా అర్థం చేసుకోవాలి?

జాంగోలో పిల్ల టెంప్లేట్ తన తల్లి ఎవరో `ఎక్స్‌టెండ్స్`తో తానే చెబుతుంది, బ్లాకులకు బయట రాసినది అచ్చు కాదు. రైల్స్‌లో వ్యూకు తన లేఅవుట్ ఏదో తెలియదు, ఆ సంగతి కంట్రోలర్ చూసుకుంటుంది. వ్యూలో రాసినదంతా పేరులేని `యీల్డ్`లోకి వెళ్తుంది. లారవెల్ బ్లేడ్‌లో `యీల్డ్`, `సెక్షన్` పేర్లు దగ్గరగా అనిపించినా, ఎంపిక జాంగో పద్ధతిలో టెంప్లేట్‌లోనే జరుగుతుంది.

పేజీలో ఈ ముక్క ఏ ఫైలు నుంచి వచ్చిందో తెలియట్లేదు.

డెవలప్‌మెంట్ కాన్ఫిగరేషన్‌లో `యానొటేట్_రెండర్డ్_వ్యూ_విత్_ఫైల్‌నేమ్స్`ను ట్రూ చేయండి. రైల్స్ 6.1 నుంచి ఉంది. పేజీ సోర్సులో ప్రతి టెంప్లేట్ మొదలూ చివరా ఫైలు పేరుతో హెచ్‌టీఎంఎల్ వ్యాఖ్యలు వస్తాయి. లాగ్‌లో కూడా ఏ వ్యూ ఏ లేఅవుట్ లోపల నడిచిందో, ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో వరుసగా ఉంటుంది.